శ్రీహరికోటలో ఆఖరి మాట ఎవరిది

రాకెట్ ఎగిరే రోజున సూళ్లూరుపేటకు పండగ కళ వచ్చేస్తుంది. అంతకుముందే ఇస్రో పెద్దలు చెంగాళమ్మ గుడికి వచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్లి ఉంటారు. అటకానితిప్ప మీదుగా పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డు పక్కన జనం, మేడల మీద జనం, చెట్ల కింద ఆపిన బస్సుల పైన జనం. అందరి చూపూ తూర్పు వైపే. ముందు వెలుగు కనిపిస్తుంది, తర్వాత పొగ తోక, ఇంకాసేపటికి గుండెల్ని అదరగొట్టే మోత. అయితే ఆ రాకెట్ లేవాలా వద్దా అన్నది తేలేది జనానికి కనపడని చోట. ప్రయోగ వేదికకు కొన్ని కిలోమీటర్ల దూరంలో, వరసగా పేర్చిన కంప్యూటర్ తెరల ముందు కూర్చున్న మనుషుల దగ్గర.

ఆ మనుషులకూ ఆ యంత్రాలకూ మధ్య ఒక ఒప్పందం ఉంది. ఏది యంత్రం చూసుకోవాలి, ఏది మనిషి తేల్చాలి, ఇద్దరికీ మాట కలవనప్పుడు ఎవరి మాట చెల్లాలి అన్న ఒప్పందం. అది కుదరడానికి అయిదు దశాబ్దాలు పట్టింది. యంత్రం వద్దన్నా వినక రాకెట్‌ను పోగొట్టుకున్న రోజు శ్రీహరికోట చరిత్రలో ఉంది. యంత్రం ఆపినందువల్లే రాకెట్ దక్కిన రోజు ఉంది. యంత్రమే పొరబడి ఉపగ్రహాలను నీటిపాలు చేసిన రోజూ ఉంది. మన దేశంలో కంప్యూటర్ మీద నమ్మకం ఎలా పెరిగిందో తెలుసుకోవాలంటే ఈ దీవి చరిత్ర చదివితే చాలావరకు అర్థమవుతుంది.

దీవిలో తొలి అడుగులు

1969లో రాకెట్ కేంద్రం కోసం ఎంపిక చేసేనాటికి శ్రీహరికోట అప్పటి నెల్లూరు జిల్లా కొసన ఉన్న అడవి దీవి. (2022లో జిల్లాలు విడిపోయాక అది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది.) ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క పులికాట్. మధ్యలో అడవినీ చిత్తడినీ నమ్ముకుని బతికే యానాదులు. రాకెట్ ప్రయోగ కేంద్రం (రేంజి) వచ్చాక వాళ్ల తావులు మారాయి, బతుకుతెరువూ మారింది.

విక్రం సారాభాయ్ బృందం ఈ చోటును కోరుకోవడానికి కారణాలు స్పష్టమైనవే. తూర్పున విశాలమైన సముద్రం ఉంది కాబట్టి ఏదైనా విఫలమైతే శకలాలు నీళ్లలో పడతాయి. భూమధ్యరేఖకు 13.7 డిగ్రీల దూరంలోనే ఉంది కాబట్టి తూర్పుకు వదిలిన రాకెట్‌కు భూమి తిరిగే వేగం కొంత తోడవుతుంది. చుట్టుపక్కల జనావాసం తక్కువ. వై. జనార్దనరావు సారథ్యంలో రోడ్లు, కట్టడాలు లేచాయి. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. అది రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్.

అలాంటి రాకెట్‌కు కంప్యూటర్‌తో పెద్దగా పని పడదు. పై గాలుల వేగం, దిశ కొలుస్తారు. దాన్నిబట్టి లాంచర్ వాలు సరిచేస్తారు. గడియారం చూసుకుని మీట నొక్కుతారు. ఒకసారి లేచాక దాన్ని నడిపించేదేమీ ఉండదు, విసిరిన రాయి లాగే పోతుంది. ఉపగ్రహం సంగతి వేరు. దాన్ని కక్ష్యలో నిలపాలంటే వేగంలో గానీ కోణంలో గానీ చిన్న తేడా కూడా రాకూడదు. రాకెట్‌లో దశ తర్వాత దశ మండాలి, విడిపోవాలి. వందల కొలతలను క్షణక్షణం చూస్తూ ఉండాలి. అంతటి పని మనిషి కళ్లకూ చేతులకూ అందదు.

ఉపగ్రహాల లెక్కలు శ్రీహరికోటకు కొంత ముందే పరిచయమయ్యాయి. 1975 ఏప్రిల్ 19న సోవియట్ గడ్డ మీది నుంచి ఆర్యభట్ట కక్ష్యలోకి వెళ్లినప్పుడు, దాని సంకేతాలు అందుకుని తిరిగి ఆదేశాలు పంపిన భూకేంద్రం ఇక్కడే ఉంది. రాకెట్ అక్కడిదైనా ఉపగ్రహంతో మాట్లాడింది నెల్లూరు తీరం.

అప్పట్లో మన దేశంలో కంప్యూటర్ అంటే అరుదైన వస్తువు. విదేశీ మారకం దొరకాలి, దిగుమతికి అనుమతి రావాలి. ఆ ఇబ్బంది నుంచి బయటపడాలని 1967లో హైదరాబాద్‌లో పుట్టిన సంస్థ ఈసీఐఎల్. దానికి ప్రాణం పోసింది పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. అందరూ ఏఎస్ రావు అనేవారు, హైదరాబాద్‌లో ఒక పేటకే ఆ పేరు నిలిచిపోయింది. 1969లో వచ్చిన టీడీసీ-12 కంప్యూటర్ ఈ దారిలో తొలి మెట్టు. దాని పదం పొడవు 12 బిట్లు, ఫెర్రైట్ కోర్ జ్ఞాపకంలో పట్టేవి నాలుగు వేల పదాలు. ఆ తర్వాత 16 బిట్ల టీడీసీ-316 వచ్చింది. శ్రీహరికోట రేంజి మాత్రం తొలి ఉపగ్రహ ప్రయోగాల కాలంలో ఫ్రాన్సు రూపకల్పన అయిన ఐరిస్-55 మీద ఆధారపడింది. ఉన్న యంత్రాలు కొద్దిపాటివి, వాటి శక్తీ కొద్దిపాటిదే. వాటికే ఉపగ్రహాన్ని మోసుకెళ్లే ఎస్ఎల్‌వీ-3 రాకెట్ కౌంట్‌డౌన్ చివరి నిమిషాలను అప్పగించారు.

1979 ఆగస్టు 10

ఎస్ఎల్‌వీ-3 పొడవు 23 మీటర్లు, బరువు 17 టన్నులు, నాలుగు దశలూ ఘన ఇంధనంతో మండేవే. ప్రాజెక్టు డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. ఆ ఉదయం కౌంట్‌డౌన్ చివరి నిమిషాల్లోకి వచ్చాక పగ్గాలు కంప్యూటర్ చేతికి వెళ్లాయి. కాసేపటికి అది కౌంట్‌డౌన్‌ను ఆపేసింది. నియంత్రణ వ్యవస్థకు చెందిన భాగాల్లో ఏదో సరిగా లేదని తెర మీద చూపించింది.

కలాం వెనక నిపుణులున్నారు. వాళ్లు లెక్కలు వేసి చూశారు. నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారుతోంది గానీ కాస్తంతే, ట్యాంకులో ఉన్నది సరిపోతుంది, వెళ్లవచ్చు అన్నారు. ఏళ్ల తరబడి వందల మంది పడ్డ శ్రమ వేదిక మీద నిలబడి ఉంది. కలాం కంప్యూటర్‌ను పక్కన పెట్టి ప్రయోగానికి ఆదేశమిచ్చారు.

ఉదయం 7.58కి రాకెట్ లేచింది. మొదటి దశ అనుకున్నట్టే మండింది. రెండో దశలో అదుపు తప్పి పల్టీలు కొట్టింది. లేచిన 317 సెకన్లకు అంతా అయిపోయింది, మిగిలిన భాగాలు తీరానికి 560 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో పడ్డాయి.

విచారణలో తేలిన సంగతి ఇది. రెండో దశను తిప్పే నియంత్రణ వ్యవస్థకు ఎర్ర పొగలు కక్కే నైట్రికామ్లం ఆక్సీకారిణి. ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా ఇచ్చిన తొలి ఆదేశానికి తెరుచుకున్న ఒక సోలినాయిడ్ వాల్వు, లోపల నలుసు చేరడంతో మళ్లీ మూసుకోలేదు. ఆమ్లం కారిపోయింది. గాలిలో రాకెట్‌ను నిలబెట్టాల్సిన క్షణంలో ఇంధనం వచ్చింది గానీ దాన్ని మండించే ఆమ్లం లేదు, నియంత్రణ బలం సున్నా. కంప్యూటర్ చూపించింది నిజమే. కాకపోతే ‘ఇది సరిగా లేదు’ అని చెప్పగలిగిందే గానీ, దానివల్ల రెండో దశలో ఏం జరుగుతుందో చెప్పగల శక్తి దానికి లేదు. ఆ ఖాళీని నిపుణులు అనుభవంతో పూరించారు, ఆ అంచనా తప్పింది.

ఆ రోజు పత్రికల ముందుకు వెళ్లి వైఫల్యానికి బాధ్యతను తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. మరుసటి ఏడాది 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినప్పుడు, విలేకరుల సమావేశం నువ్వు నడుపు అని కలాంను ముందుకు పంపిందీ ఆయనే. ఈ ఉదంతాన్ని నాయకత్వ పాఠంగా చాలామంది చెప్పుకుంటారు. కలాం మాత్రం యువతతో మాట్లాడినప్పుడు కంప్యూటర్ ఆపమంటే తాను వినలేదన్న మాటను కూడా దాచకుండా చెబుతూ వచ్చారు. ఆ నిజాయితీ వల్లే మనిషికీ యంత్రానికీ మధ్య జరిగిన ఆ తొలి పెద్ద వాదన మనకు ఇంత వివరంగా తెలిసింది.

గడియారం చాలదు

ఎస్ఎల్‌వీ-3లో రాకెట్ ఏ సెకనుకు ఎంత వంగాలో ముందే రాసి పెట్టారు. దారిలో ఏం జరిగినా అది ఆ రాతనే పాటిస్తుంది. తర్వాత వచ్చిన ఏఎస్ఎల్‌వీతో పద్ధతి మారింది. రాకెట్‌లోని కంప్యూటర్ తానెక్కడ ఉన్నదీ ఎప్పటికప్పుడు లెక్కగట్టి, దారి తప్పితే సరిదిద్దుకునే మార్గనిర్దేశం మొదలైంది. ఒక్కసారిగా ఇంత మార్పు సులువుగా ఒంటబట్టలేదు.

1987 మార్చి 24న తొలి ఏఎస్ఎల్‌వీలో పక్క మోటార్లు మండి ఆరిపోయాక మధ్య మోటారు అంటుకోలేదు. 1988 జులై 13న రెండోది, దట్టమైన వాతావరణంలో అదుపు చేసే బలం లేని కొద్దిపాటి వ్యవధిలో విరిగిపోయింది. పక్క మోటార్లు ఎప్పుడు ఆరతాయన్నది కాగితం మీద వేసిన అంచనా. అసలు మోటారు ఆ అంచనాకు కాస్త ముందో వెనకో ఆరవచ్చు. గడియారాన్ని నమ్ముకుని మధ్య మోటారును ముట్టిస్తే ఆ కాస్త తేడాయే రాకెట్‌ను చంపేస్తుంది. అందుకే 1992 మే 20న ఎగిరిన మూడో ఏఎస్ఎల్‌వీలో, పక్క మోటార్ల ఒత్తిడి నిజంగా పడిపోవడాన్ని పసిగట్టి అప్పటికప్పుడు నిర్ణయం తీసుకునే ఏర్పాటు పెట్టారు. రాకెట్ అప్పటిదాకా గడియారం చెప్పినట్టు విన్నది. ఇప్పుడు తన ఒంట్లో ఏం జరుగుతోందో చూసుకుని అడుగు వేయడం నేర్చింది.

సాఫ్ట్‌వేర్ బరువు ఎంతో 1993 సెప్టెంబరు 20న తెలిసొచ్చింది. ఆ రోజు పీఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం. నాలుగు దశల్లో రెండు ఘన ఇంధనంవి, రెండు ద్రవ ఇంధనంవి, అన్నీ కొత్తవి. రెండో దశ విడిపోయే వేళ రాకెట్ గట్టిగా కుదుపుకు లోనైంది. దాన్ని సరిదిద్దమని వెళ్లిన ఆదేశం నిర్దేశించిన గరిష్ఠ పరిమితిని దాటింది. అలా దాటితే ఏం చేయాలన్న చోట, పిచ్ నియంత్రణకు రాసిన ప్రోగ్రాంలో తప్పు దొర్లి ఉంది. ఐఆర్ఎస్-1ఇ ఉపగ్రహం సముద్రం పాలైంది. ప్రధాన మోటార్లు బాగానే మండాయి, లోహం నిలిచింది, దెబ్బ కొట్టింది ప్రోగ్రాంలోని ఒక తప్పు. మామూలు ప్రయాణంలో ఎప్పుడూ బయటపడని తప్పు అది, హద్దు దాటిన రోజే బయటపడింది. సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించాల్సింది అంతా బాగున్నప్పుడు కాదు, అన్నీ తలకిందులైనప్పుడు అన్న పాఠం ఇస్రోకు అలా అందింది. 1994 అక్టోబరు 15న రెండో పీఎస్ఎల్‌వీ ఐఆర్ఎస్-పీ2ను కక్ష్యలో పెట్టింది. ఆ తర్వాతి ఏళ్లలో అదే రాకెట్ చంద్రయాన్-1ను, మంగళ్‌యాన్‌ను మోసింది. 2017లో ఒకేసారి 104 ఉపగ్రహాలను వదిలింది.

ఆగిన రాకెట్

2001 మార్చి 28 మధ్యాహ్నం. వేదిక మీద తొలి జీఎస్ఎల్‌వీ. నడుమ ఘన ఇంధన మోటారు, చుట్టూ నాలుగు ద్రవ ఇంధన ఇంజిన్లు. ఈ అమరికలోనే ఒక తెలివి ఉంది. ద్రవ ఇంజిన్‌ను వెలిగించాక కూడా కవాటాలు మూసి ఆర్పవచ్చు. ఘన మోటారు ఒకసారి అంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. అందుకే ముందు నాలుగు ద్రవ ఇంజిన్లను వెలిగిస్తారు. అయిదు సెకన్లలోపు వ్యవధిలో నాలుగూ పూర్తి బలం అందుకున్నాయా లేదా అని కంప్యూటర్ చూస్తుంది. నాలుగూ సరే అంటేనే నడిమి మోటారుకు నిప్పు పెడుతుంది.

ఆ రోజు మంటలు వచ్చాయి, పొగ కమ్మింది. టీవీల ముందు కూర్చున్నవాళ్లు రాకెట్ లేచిందనే అనుకున్నారు. లేవలేదు. నాలుగింటిలో ఒక ఇంజిన్‌కు కావలసిన బలం రాలేదు. కంప్యూటర్ మిగిలిన మూడింటినీ ఆర్పేసింది, ఘన మోటారు జోలికి పోలేదు. అడగడానికి, చర్చించడానికి, సరేననడానికి ఎవరికీ వ్యవధి లేదు. నిర్ణయం పూర్తిగా యంత్రానిదే.

వేదిక దగ్గర అంటుకున్న మంటలను ఆర్పారు. పరీక్షిస్తే ఆ ఇంజిన్‌కు ఆక్సీకారిణి వెళ్లే గొట్టంలో లోపం ఉందని తేలింది. ఇంజిన్ మార్చారు. అదే రాకెట్ మూడు వారాల తర్వాత ఏప్రిల్ 18న ఎగిరింది.

1979తో పోల్చి చూస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు యంత్రం అనుమానం మాత్రమే చెప్పింది, నిర్ణయం మనిషిది. ఇప్పుడు నిర్ణయమే యంత్రానిది. అయితే ఆ నిర్ణయం ఎలా ఉండాలో ఎన్నో నెలల ముందే మనుషులు కూర్చుని రాశారు. ఏ కొలత ఎంతకు పడిపోతే ఆపాలి, ఆపాక ఏ వాల్వు ముందు మూయాలి, ఏది తర్వాత అని తీరిక వేళలో, చల్లని బుర్రతో తేల్చుకున్నారు. ఒత్తిడి లేని రోజున ఆలోచించి పెట్టుకున్న మాటను ఒత్తిడి ఉన్న క్షణంలో తూచా తప్పకుండా పాటించడమే కంప్యూటర్ చేసింది. 1979లో కొరవడింది సరిగ్గా అదే.

నాలుగేళ్ల తర్వాత 2005 మే 5న శ్రీహరికోట రెండో ప్రయోగ వేదిక నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 ఎగిరింది. ఆ వేదికను జాతికి అంకితం చేయడానికి వచ్చిన రాష్ట్రపతి కలాం.

తెర మీద రెండు గీతలు

ప్రయోగాల ప్రత్యక్ష ప్రసారం చూసే అలవాటున్న తెలుగు ఇళ్లలో ఒక బొమ్మ బాగా తెలుసు. తెర మీద వంపు తిరిగిన ఒక గీత ముందే గీసి ఉంటుంది. రాకెట్ వెళ్లాల్సిన దారి అది. దాని మీదుగా ఇంకో గీత కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. అది వెళ్తున్న దారి. రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నంతసేపు అంతా క్షేమం. 2021 ఆగస్టు 12 తెల్లవారుజామున జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 క్రయోజెనిక్ దశకు చేరాక ఆ రెండో గీత కిందికి వంగడం మొదలైంది. ప్రకటన వెలువడక ముందే చూస్తున్నవాళ్లకు సంగతి అర్థమైపోయింది. వేల కొలతలు, రాడార్ల లెక్కలు, టెలిమెట్రీ అంకెలు అన్నీ కలిపి రెండు గీతలుగా కుదించడంలో ఉన్న నేర్పు అది. రాకెట్ శాస్త్రం తెలియని పెద్దావిడకైనా ఒక్క చూపులో విషయం తెలిసిపోతుంది.

ఆ గదిలో ఇంకో తెర ముందు కూర్చునే మనిషి ఉద్యోగం మరీ బరువైనది. ఆయన రేంజి భద్రతాధికారి. ఈ క్షణంలో రాకెట్ ఆగిపోతే ఎక్కడ పడుతుందన్నది కంప్యూటర్ ఎడతెగకుండా లెక్కగట్టి ఆయన ముందు చుక్కగా చూపిస్తుంది. పటం మీద హద్దు గీతలు గీసి ఉంటాయి. ఆ చుక్క హద్దు దాటి జనం వైపు వస్తుంటే రాకెట్‌ను పేల్చేయమని ఆదేశం పంపాల్సింది ఆయనే. ధ్రువ కక్ష్యకు వెళ్లే పీఎస్ఎల్‌వీ ఇక్కడి నుంచి నేరుగా దక్షిణానికి పోదు. అలా పోతే శ్రీలంక మీదుగా వెళ్లాలి. అందుకే ముందు ఆగ్నేయంగా వెళ్లి, సముద్రం మీద మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చయినా భద్రతే ముందు. ప్రయోగం రోజున నెల్లూరు తీరంలోనూ పక్కనున్న తమిళనాడు తీరంలోనూ మత్స్యకారులను ఫలానా ప్రాంతంలో వేటకు వెళ్లొద్దని ముందే చెప్పడం కూడా ఈ లెక్కలో భాగమే. ఆ ఒక్క రోజు వేట పోగొట్టుకునే మత్స్యకారులకు, ఇదే దీవి నుంచి వెళ్లిన ఓషన్‌శాట్ ఉపగ్రహాల సమాచారంతో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్ల సూచనలను తెలుగులో అందిస్తోంది.

ఆ అధికారి చేతికి పని పడ్డ రోజులున్నాయి. 2006 జులై 10న ఇన్‌శాట్-4సీతో లేచిన జీఎస్ఎల్‌వీలో ఒక పక్క ఇంజిన్ దెబ్బతిని, నిమిషం దాటేసరికి కథ ముగిసింది. 2010 డిసెంబరు 25న మరో జీఎస్ఎల్‌వీకి జరిగింది ఇంకా విచిత్రం. రాకెట్ పైభాగంలో ఉన్న కంప్యూటర్ బాగానే ఉంది, ప్రోగ్రాం బాగానే ఉంది, ఆదేశాలు సరిగానే ఇస్తోంది. కానీ ఆ ఆదేశాలను అడుగున ఉన్న మొదటి దశకు చేరవేసే తీగల కనెక్టర్లు క్రయోజెనిక్ దశ దగ్గర ఊడిపోయాయి. తల చెప్పింది కాళ్లకు అందలేదు. అదుపు తప్పిన రాకెట్‌ను పేల్చివేయక తప్పలేదు. పది కనెక్టర్ల బిగింపు మొత్తం రాకెట్ జాతకాన్ని మార్చేసింది.

తెరలతో పాటు శ్రీహరికోటకు ఒక గొంతు కూడా ఉండేది. రేంజి తరఫున కౌంట్‌డౌన్ వినిపించిన శాస్త్రవేత్త ఎన్. వలర్మతి 2023 సెప్టెంబరులో కన్నుమూశారు. ఎన్నో ప్రయోగాల్లో అంకెలను తొణకకుండా చెప్పిన ఆ స్వరాన్ని దేశమంతా గుర్తుపట్టేది. గదిలో ప్రతి ఒక్కరూ తమ తమ తెరల్లో మునిగి ఉన్నప్పుడు, అందరినీ ఒకే క్షణం మీద నిలిపేది చెవిన పడే ఆ అంకే.

అతి అనుమానం, సరైన అనుమానం

యంత్రానికి ఆపే అధికారం ఇచ్చాక ఇంకో చిక్కు వచ్చిపడింది. అది లేని లోపాన్ని ఉన్నట్టు అనుకుంటే?

2022 ఆగస్టు 7న చిన్న ఉపగ్రహాల కోసం తయారైన ఎస్ఎస్ఎల్‌వీ తొలిసారి ఎగిరింది. అందులో ఈఓఎస్-02తో పాటు 750 మంది విద్యార్థినులు పాలుపంచుకున్న ఆజాదీశాట్ ఉంది. రెండో దశ విడిపోయేటప్పుడు చాలా కొద్ది వ్యవధిలో గట్టి ప్రకంపన వచ్చింది. వేగంలో మార్పును కొలిచే యాక్సెలరోమీటర్లు ఆ కుదుపుకు తమ పరిమితిని దాటాయి. అవన్నీ చెడిపోయాయని సాఫ్ట్‌వేర్ తీర్మానించుకుంది. నిజానికి అవి చెడిపోలేదు, కుదుపు అయిపోగానే మామూలయ్యాయి. కానీ కంప్యూటర్ అప్పటికే వాటిని పక్కన పెట్టి, ముందే రాసుకున్న అత్యవసర దారిలోకి మళ్లింది. ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకు బదులు, ఒక కొస భూమికి 76 కిలోమీటర్ల దగ్గరకు వచ్చే కక్ష్యలోకి చేరాయి. అంత కిందికి వస్తే వాతావరణం లాగేస్తుంది. రెండూ దక్కలేదు. తర్కాన్ని, విడిపోయే ఏర్పాటును సవరించి 2023 ఫిబ్రవరి 10న పంపిన రెండో ఎస్ఎస్ఎల్‌వీ విజయవంతమైంది.

అదే ఏడాది అక్టోబరు 21 ఉదయం గగన్‌యాన్ తొలి పరీక్షా ప్రయోగం టీవీ-డీ1. మనుషులను మోసే గదిని ప్రమాదంలో రాకెట్ నుంచి లాగి కాపాడే ఏర్పాటును పరీక్షించడం దాని పని. ఎనిమిదింటికి అనుకున్నది వాతావరణం వల్ల కాస్త జరిగింది. 8.45కి చివరి అయిదు సెకన్లలో కంప్యూటర్ ఆపేసింది. గదిలో ఎవరూ దాన్ని పక్కన పెట్టమనలేదు. ఏ కొలత వల్ల ఆగిందో చూశారు, పర్యవేక్షణలో వచ్చిన తేడా అని తేల్చుకున్నారు, సరిచేశారు. పది గంటలకు రాకెట్ లేచింది, పరీక్ష సఫలమైంది. ఆపమన్న యంత్రాన్ని గౌరవించడం, అలాగని దానికి లొంగి ప్రయోగాన్ని వదులుకోకపోవడం, రెండూ గంటంబావులో జరిగిపోయాయి. 44 ఏళ్ల కింద ఇదే తీరంలో జరిగినదానికి ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

ఇప్పుడు కంప్యూటర్ చూడాల్సినవి ఇంకా పెరిగాయి. 2024 డిసెంబరు 30 రాత్రి స్పేడెక్స్ ఉపగ్రహాలతో పీఎస్ఎల్‌వీ-సీ60 ఎగరాల్సింది 9.58కి. దారిలో ఇతర ఉపగ్రహాలకు మరీ దగ్గరగా పోకుండా రెండు నిమిషాలు జరిపి పదింటికి వదిలారు. అదే ప్రయోగంలో ఒక చిన్న చిప్ కూడా పైకి వెళ్లి పనితనం నిరూపించుకుంది. తిరువనంతపురంలోని విక్రం సారాభాయ్ అంతరిక్ష కేంద్రం, మొహాలీలోని సెమీ కండక్టర్ లాబొరేటరీ కలిసి చేసిన 32 బిట్ల ప్రాసెసర్ విక్రం-3201 అది. 2009 నుంచి మన రాకెట్లను నడుపుతున్న 16 బిట్ల విక్రం-1601కు వారసురాలు. దిగుమతి యంత్రం మీద మొదలైన ప్రయాణంలో ఇప్పుడు ప్రాసెసర్ మనది, ప్రోగ్రాం మనది, లోపం వచ్చినా దాని గుట్టు విప్పాల్సింది మన ఇంజినీర్లే.

2025 జనవరి 29న జీఎస్ఎల్‌వీ-ఎఫ్15తో శ్రీహరికోట వందో ప్రయోగం పూర్తయింది. అంతకు రెండు వారాల ముందే దాదాపు 3,985 కోట్ల రూపాయలతో మూడో ప్రయోగ వేదికకు కేంద్రం అనుమతినిచ్చింది. మనుషులను మోసే రాకెట్లకు కూడా పనికొచ్చేలా దాన్ని కడతారు. ఇన్నాళ్లూ మనిషి పొరబడినా, యంత్రం పొరబడినా పోయింది రాకెట్, ఉపగ్రహం, కొన్నేళ్ల కష్టం. గగన్‌యాన్‌లో కుర్చీలకు బెల్టులు బిగించుకుని మనుషులుంటారు. ప్రమాదం ముంచుకొస్తే వాళ్ల గదిని రాకెట్ నుంచి లాగేయాలన్న నిర్ణయం సెకనులో చిన్న భాగంలో జరిగిపోవాలి, దాన్ని కంప్యూటరే తీసుకోవాలి. అవసరం లేనప్పుడు లాగకూడదు, అవసరమైనప్పుడు ఆలస్యం చేయకూడదు. ఆ రెండు తప్పులూ ఎలా ఉంటాయో శ్రీహరికోట ఇప్పటికే చూసింది. ఇప్పుడు ఆ గదుల్లో తర్కం రాస్తున్న ఇంజినీర్లు 1979 నాటి వాల్వునూ, 2022 నాటి కుదుపునూ రెండింటినీ ఎదురుగా పెట్టుకునే పని చేయాలి.